రక్తపరీక్షలో ఎముక బలం కనబడదు



పోయిన ఆదివారం మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ‘మెనోపాజ్ దాటిందా? ఒక్క రక్తపరీక్షతో ఎముకల బలం తెలుసుకోండి’ అన్న వ్యాసం చదివి ఒళ్లు మండింది. రాసినవారు గోపాల్‌పేటకు వచ్చి ఆ ముక్క మా అక్క ముందర చెప్పాలి.

అక్కకు ముప్పై ఐదేళ్లు నిండకముందే గర్భసంచి, అండాశయాలు తీసేశారు. తర్వాత్తర్వాత నడుము నొప్పి అంటుంటే ఒక ల్యాబ్‌లో ఎముకల ప్యాకేజీ అని రక్తం ఇప్పించాం. కాల్షియం ఎదురుగా ‘నార్మల్’. “బొక్కలు మంచిగున్నయ్ పెద్దమ్మా” అని రిపోర్టు చేతికిచ్చిన పిల్లవాడే తీర్పు చెప్పేశాడు. ఆ వానాకాలమే వాకిట్లో సాన్పి చల్లుతూ జారి చెయ్యి ఆనించింది, అంతే, మణికట్టు విరిగింది. కట్టు కట్టిన డాక్టరు, ఇంత చిన్న దెబ్బకు విరగడమేంటని ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ రాశారు. హైదరాబాద్ తీసుకుపోయి తీయిస్తే టీ-స్కోరు మైనస్ 3.1. మైనస్ 2.5కు దిగితే ఆస్టియోపొరోసిస్ అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లోనే గీత గీసింది. మీ వ్యాసంలో ఆ స్కాన్ పేరే లేదు!

రక్తంలో కాల్షియం తగ్గితే ఒళ్లు ఎముకను కరిగించి మరీ నింపుకుంటుంది. అందుకే ఎముక గుల్లబారినా రిపోర్టు నార్మలే. మీరేమో కాల్షియం, విటమిన్ డి, సీటీఎక్స్, పీ1ఎన్‌పీ అన్నిటినీ ఒకే గాటన కట్టేశారు. సీటీఎక్స్ ఎముక ఎంత జోరుగా అరుగుతోందో చెబుతుంది, పీ1ఎన్‌పీ కొత్త ఎముక ఎంత కడుతోందో చెబుతుంది. ఎంత మిగిలిందో రెండూ చెప్పవు. మందు పనిచేస్తోందా లేదా అన్నది మూడు నుంచి ఆరు నెలల్లో తేల్చడానికి మాత్రం అవి భేషైనవి. స్కాన్‌లో ఆ తేడా కనబడాలంటే ఏడాదో రెండేళ్లో ఆగాలి. సీటీఎక్స్‌కు పొద్దున్నే పరగడుపున రక్తం ఇవ్వాలనైనా రాశారా? తిని పోతే అంకె తగ్గిపోతుంది.

ఇంకో సంగతి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద 3.2 శాతం, తెలంగాణలో 7.7, ఆంధ్రలో 8.9. అండాశయాలూ తీసేస్తే ఆ రోజే మెనోపాజ్, ఆ రోజు నుంచే ఎముకకు అరుగుదల. దీని మీద మీ పేజీలో ఒక్క వాక్యం చూడలేదు. వ్యాసం పక్కన ల్యాబ్ ప్యాకేజీ ప్రకటన మాత్రం సగం పేజీ, డిస్కౌంటుతో సహా! మేం అంత అమాయకులమా?

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వారు పేదింటి ఆడవాళ్లు 289 మందిని పరీక్షించి 2005లో ప్రచురించారు. వాళ్లంతా 30-60 ఏళ్లవారే, అయినా తుంటి దగ్గర ఎముక చూస్తే సుమారు 29 శాతం మందికి ఆస్టియోపొరోసిస్. వారు తేల్చింది స్కాన్ తీసి, రక్తం చూసి కాదు.

వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరణ వేయండి. ఆ ప్రకటన పక్కనే వేసినా నాకు అభ్యంతరం లేదు.

– ఒక పాఠకురాలు, గోపాల్‌పేట, వనపర్తి జిల్లా