చబుత్రా ఖాళీ చేయించారు.. మరి ఇంట్లో రాత్రి ఎప్పుడవుతుంది?

పాతబస్తీలో అర్ధరాత్రి దాటాక అరుగుల మీద కూర్చునే కుర్రాళ్లను పోలీసులు జీపెక్కించడం హైదరాబాద్‌కు కొత్త కాదు. దాదాపు పదేళ్ల కిందట సౌత్ జోన్‌లో 'మిషన్ చబుత్రా' పేరుతో మొదలైన ఈ పని, తర్వాత 'ఆపరేషన్ చబుత్రా'గా మళ్లీ మళ్లీ వార్తల్లోకి వస్తూనే ఉంది. పద్ధతి ఒకటే. పిల్లల్ని తీసుకెళ్తారు, తల్లిదండ్రులను పిలిపిస్తారు, కౌన్సెలింగ్ ఇస్తారు, పంపించేస్తారు. అబ్బా తల వంచుకుని కొడుకును బండి వెనక కూర్చోబెట్టుకుని ఇంటికి తెస్తారు. ఆ రాత్రి ఇంట్లో పెద్ద గొడవ. ఆ తర్వాత?

ఆ తర్వాత ఆ అబ్బాయి చబుత్రా మీద కాకుండా మంచం మీద మేలుకుంటాడు. చేతిలో ఫోన్. టైమ్ మాత్రం అదే, ఒంటిగంటో రెండో.

చబుత్రా పాతబస్తీదే కావచ్చు కానీ ఈ మెలకువ అన్ని ఊళ్లదీ. గుంటూరులో, కర్నూలులో, కడపలో, నిజామాబాద్‌లో టీనేజ్ పిల్లలున్న ఏ ఇంట్లో అడిగినా తెల్లవారుజాము సీన్ ఒకేలా ఉంటుంది. ఫజర్ అజాన్ అవుతుంది. అమ్మీ ఒకసారి లేపుతుంది, రెండోసారి దుప్పటి లాగుతుంది, మూడోసారికి అబ్బా గొంతు లేస్తుంది. పదహారేళ్ల కొడుకు కళ్లు తెరవకుండానే ఏదో ఒక మాట అనేస్తాడు. ఇక ఆ మాట రోజంతా ఇంట్లో తిరుగుతుంది. నాష్తా దగ్గర ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. సాయంత్రం ఫూఫీ ఫోన్ చేస్తే ఆమెకూ అదే చెబుతారు, వీడు చేతికందకుండా పోతున్నాడని. బద్తమీజీ అంటారు, దీన్‌కు దూరమవుతున్నాడంటారు. కొన్ని ఇళ్లలో అదీ నిజం కావచ్చు. కానీ ప్రతి ఇంట్లో, ప్రతి ఉదయం జరిగే ఈ తగాదాను ఒక్క తర్బియత్ లోపం కింద రాసేస్తే అసలు లెక్క తేలదు.

యుక్తవయసు మొదలయ్యాక శరీరంలోని గడియారమే మారుతుంది. చీకటి పడ్డాక మనల్ని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ చిన్నపిల్లల్లో కంటే టీనేజర్లలో గంట, రెండు గంటలు ఆలస్యంగా విడుదలవుతుంది. అమెరికాలోని బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన మేరీ కార్స్‌కాడన్ ఈ విషయం మీద దశాబ్దాల పాటు పరిశోధన చేశారు. పదేళ్ల పిల్లాడు తొమ్మిదిన్నరకే సోఫాలో ఒరిగిపోతాడు. అదే పిల్లాడు పదిహేనేళ్లకు పదకొండైనా చురుగ్గా కూర్చుని ఉంటాడు. అది మొండితనం కాదు, వాడికి నిజంగానే నిద్ర రాదు. అయితే నిద్ర అవసరం మాత్రం తగ్గదు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది.

ఇప్పుడు మన ఇంటి లెక్క చూద్దాం. జూన్‌లో హైదరాబాద్‌లో నాలుగుంపావు దాటగానే ఫజర్ వక్త్ మొదలవుతుంది, 5.40 ప్రాంతంలో సూర్యోదయం. రాత్రి ఒంటిగంటకు పడుకున్న పిల్లాడు 4.45కు లేచి నమాజ్ చదివి, 5.10కి మళ్లీ పడుకుని, స్కూల్ వ్యాన్ కోసం ఏడింటికి లేస్తే మొత్తం అయిదున్నర గంటలు. అదీ రెండు ముక్కలుగా. కనీసం ఎనిమిది గంటలనుకున్నా రోజుకు రెండున్నర గంటల లోటు. ఆరు రోజులకు 15 గంటలు. ఆదివారం జుహర్ దాకా పడుకుంటే ఈ అప్పులో కొంత తీరుతుంది. కానీ అలా పడుకున్నవాడికి ఆ రాత్రి రెండైనా నిద్ర పట్టదు. సోమవారం ఖాతా మళ్లీ మైనస్‌లోనే తెరుచుకుంటుంది. సెలవు రోజుకూ పనిరోజుకూ మధ్య ఉండే ఈ తేడాకు జర్మనీ పరిశోధకుడు టిల్ రోయెన్‌బెర్గ్ బృందం 2006లో 'సోషల్ జెట్‌లాగ్' అని పేరు పెట్టింది. విమానం ఎక్కకుండానే వారం వారం దుబాయ్ వెళ్లి వచ్చినంత అలసట అన్నమాట.

నిద్ర తక్కువైతే మార్కులు తగ్గుతాయని తల్లిదండ్రులకు తెలుసు. ముందుగా దెబ్బతినేది మాత్రం మాట. 2007లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒక రాత్రి పూర్తిగా నిద్ర లేకుండా ఉన్న యువకులకు మనసును కలవరపెట్టే బొమ్మలు చూపించారు. భయాన్నీ కోపాన్నీ రేపే అమిగ్డలా అనే మెదడు భాగం, నిద్రపోయినవాళ్లతో పోలిస్తే వాళ్లలో 60 శాతానికి పైగా ఎక్కువగా స్పందించింది. దాన్ని అదుపులో పెట్టాల్సిన నుదుటి వెనక భాగంతో దానికున్న సంబంధం బలహీనపడింది. 2018లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ పరిశోధకులు ఇంకో సంగతి గమనించారు. నిద్ర లేనివాళ్లు ఎదుటి మనిషిని ఎక్కువ దూరంలో ఉంచుతున్నారు. అంతే కాదు, వాళ్లను చూసినవాళ్లకూ వాళ్లతో కలవాలనిపించడం లేదు. ఈ రెండు పరిశోధనలూ యువకుల మీద జరిగాయి, స్కూలు పిల్లల మీద కాదు. అయినా నిద్ర చాలని పిల్లలున్న ఇంట్లో 'ఏంటి బేటా, తిన్నావా?' అన్న మామూలు ప్రశ్నకు కూడా ఎందుకంత విసురు జవాబు వస్తుందో అర్థం చేసుకోవడానికి ఇవి పనికొస్తాయి. అబ్బా కూడా అయిదు గంటలే పడుకుని లేచారని మర్చిపోకూడదు. తెల్లవారుజామున ఆ గదిలో నిద్ర చాలని మనుషులు ఇద్దరు.

సరే, తొందరగా పడుకోమంటే పోలా? ఇక్కడే అసలు చిక్కు ఉంది. మన ఇళ్లలో కుటుంబం ఒకచోట చేరేదే రాత్రిపూట.

2024 ఆగస్టులో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసెంబ్లీలో, మద్యం దుకాణాలు తప్ప మిగతా షాపులు, హోటళ్లు రాత్రి ఒంటిగంట దాకా తెరుచుకోవచ్చని ప్రకటించారు. అంతకు ముందు పదిన్నరకే లాఠీలతో షట్టర్లు దింపిస్తున్నారని గొడవ నడిచింది కాబట్టి చిరువ్యాపారులకు అది పెద్ద ఊరట. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ షట్టర్ దించే మనిషికి ఇంట్లో పిల్లలుంటారు. ఆయన వచ్చేసరికి పన్నెండు. అప్పుడు దస్తర్‌ఖాన్ పరుస్తారు. రోజు మొత్తంలో కూతురూ కొడుకూ అబ్బా ముఖం చూసేది, స్కూల్లో ఏం జరిగిందో చెప్పేది ఆ అరగంటే. ఆ పిల్లల్ని పదింటికే పడుకోమంటే, అబ్బాను ఆదివారం చూసుకోమన్నట్టే.

గల్ఫ్‌లో తండ్రి ఉన్న ఇళ్లలో ఇది ఇంకా కష్టం. సౌదీ టైమ్ మనకంటే రెండున్నర గంటలు వెనక. రియాద్‌లో పది గంటలకు డ్యూటీ దిగి, రూముకొచ్చి వీడియో కాల్ చేస్తే ఇక్కడ పన్నెండున్నర. ఆ కాల్ కోసం కూర్చునే పదమూడేళ్ల అమ్మాయిది స్క్రీన్ పిచ్చి అని ఎవరు అనగలరు? ఆ స్క్రీన్‌లోనే ఆమె తండ్రి ఉన్నాడు.

ఇక షాదీలు. నికాహ్ ఇషా తర్వాత. దుల్హా రావడం పదిన్నర, ఖానా పదకొండున్నర, ఇంటికొచ్చేసరికి ఒకటిన్నర. సీజన్‌లో వారానికి రెండు మూడు దావత్‌లు. పెళ్లిళ్లు తొందరగా ముగించండని ఉలమాలు మింబర్ల మీద నుంచి ఎన్నేళ్లుగానో చెబుతున్నారు. విని తలలూపినవాళ్లే వలీమా కార్డు మీద రాసిన టైమ్‌కు రెండు గంటలు ఆలస్యంగా వస్తారు.

వింత ఏమిటంటే, మన దీన్ వేసిన టైమ్‌టేబుల్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇషాకు ముందు నిద్రనూ, ఇషా తర్వాత కబుర్లనూ ప్రవక్త (స) ఇష్టపడేవారు కాదని హదీసు గ్రంథాల్లో ఉంది. హైదరాబాద్‌లో ఇషా అజాన్ జూన్‌లోనైనా ఎనిమిదింపావు ప్రాంతంలో అయిపోతుంది, జనవరిలో ఏడుంపావుకే. ఆ తర్వాత గంటన్నరలో ఇల్లు సద్దుమణిగితే, నిద్ర ఆలస్యంగా వచ్చే టీనేజర్ కూడా పదిన్నరకల్లా పడుకోగలడు. మధ్యాహ్నం కాసేపు పడుకునే ఖైలూలా సున్నత్ కూడా ఉంది. ఇరవై ముప్ఫై నిమిషాలు చాలు. అసర్ తర్వాత నిద్ర వద్దని పెద్దవాళ్లు అనే మాటా సరైనదే. ట్యూషన్ నుంచి వచ్చి సాయంత్రం రెండు గంటలు పడుకున్న పిల్లాడికి రాత్రి నిద్ర రమ్మన్నా రాదు. ఫజర్‌కు లేపడంలో మనకున్న పట్టుదల, ఇషా తర్వాత లైట్లు ఆర్పడంలో లేదు.

ఫోన్ సంగతి అందరూ మాట్లాడేదే. వెలుతురు కంటే ఎక్కువగా మేల్కొలిపేది దోస్తీ. గ్రూపులో అందరూ రాత్రి పన్నెండుకే ఉంటారు. మెసేజ్ చూసి జవాబివ్వకపోతే మరుసటి రోజు క్లాసులో ముఖం తిప్పుకుంటారు. గేమ్‌లో నలుగురి టీమ్ ఉన్నప్పుడు మధ్యలో వదిలేసి పోయినవాడు దగాబాజ్. పిల్లల దగ్గర ఫోన్ లాక్కోవడం తేలికే, వాళ్ల దోస్తులందరి ఇళ్లలో ఒకేసారి లాక్కోలేం. ఒకే క్లాసు పిల్లల తల్లులు నలుగురు మాట్లాడుకుని పదింటికి అందరి ఫోన్లూ హాల్లో చార్జింగ్‌కు పెట్టించగలిగితే, ఏ ఒక్క పిల్లాడూ దోస్తుల ముందు చిన్నబోనక్కర్లేదు. అబ్బా ఫోన్ కూడా అక్కడే ఉండాలన్నది వేరే చెప్పాలా.

అమ్మాయిల నిద్ర గురించి ఎవరూ మాట్లాడరు. అబ్బాయి చబుత్రా మీద ఉంటే పోలీసులకైనా కనిపిస్తాడు. పన్నెండింటికి దస్తర్‌ఖాన్ ఎత్తి, గిన్నెలు కడిగి, ఒంటిగంటకు పడుకుని, తమ్ముళ్ల టిఫిన్ డబ్బాల కోసం అమ్మీతో పాటు అయిదింటికే లేచే ఇంటర్ అమ్మాయి ఎవరికీ కనిపించదు. ఆమె చిరాకు పడితే జబాన్ పొడుగైంది అంటారు.

బయటి దేశాల్లో ఈ సమస్యకు స్కూల్ గంట వైపు నుంచి జవాబు వెతికారు. అమెరికాలోని సియాటెల్‌లో 2016లో హైస్కూళ్ల టైమ్‌ను 7.50 నుంచి 8.45కి మార్చారు. పిల్లలు రాత్రి ఇంకా ఆలస్యంగా పడుకుంటారేమో అని భయపడ్డారు. అలా జరగలేదు, రోజుకు 34 నిమిషాల నిద్ర పెరిగింది. కాలిఫోర్నియాలో 2022 జులై నుంచి చాలావరకు హైస్కూళ్లు 8.30 కంటే ముందు మొదలుపెట్టకూడదని చట్టమే ఉంది. మన సర్కారీ బడుల టైమ్ మరీ అన్యాయంగా ఏమీ లేదు. ఇబ్బందల్లా ప్రైవేటు స్కూళ్ల వ్యాన్లతో, తెల్లవారకముందే స్టడీ అవర్ పెట్టే ఇంటర్ కాలేజీలతో. పేరెంట్స్ మీటింగ్‌లో ఫీజు గురించి అడిగేవాళ్లు వ్యాన్ టైమ్ గురించి కూడా అడగొచ్చు.

రంజాన్‌లో పరీక్షలు పడితే ఈ లెక్క అంతా తలకిందులవుతుంది. 2025లో మార్చి 2న రంజాన్ మొదలైతే తెలంగాణలో మార్చి 5న ఇంటర్ పరీక్షలు మొదలయ్యాయి. ఆ నెలంతా దుకాణాలు 24 గంటలూ తెరుచుకోవచ్చని సర్కారు అనుమతి ఇచ్చింది. తరావీహ్ నుంచి వచ్చాక సహర్ దాకా మెలకువగా ఉండి, ఫజర్ తర్వాత గంట పడుకుని, తొమ్మిదింటికి పరీక్ష హాల్లో కూర్చున్న పిల్లలు ప్రతి మొహల్లాలో ఉన్నారు. చాంద్ లెక్కన రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తుంది కాబట్టి ఈ ఇబ్బంది కొన్నేళ్లలో దానంతటదే తప్పుకుంటుంది. అప్పటిదాకా పరీక్ష ఉన్న పిల్లలు తరావీహ్ కాగానే పడుకునేలా చూడటం, బజారుకు వాళ్లను వెంటేసుకు వెళ్లకపోవడం ఇంటివాళ్ల చేతిలో పని.

మిగతా పదకొండు నెలల్లో కూడా కొన్ని మార్చుకోవచ్చు. దుకాణం పదకొండింటికి తెరిచే అబ్బా రాత్రి పన్నెండు ఖానా బదులు పొద్దున ఏడు గంటల నాష్తా పిల్లలతో కలిసి చేయొచ్చు. రియాద్‌లో ఉన్నవాళ్లు డ్యూటీ మధ్యలో అక్కడి ఆరింటికి కాల్ చేస్తే ఇక్కడ ఎనిమిదిన్నరే. అది కుదరనివాళ్లకు వాయిస్ మెసేజ్ ఉంది. నిలదీయాల్సింది ఏదైనా ఉంటే మగ్రిబ్ తర్వాత నిలదీయొచ్చు, ఫజర్ వేళ నమాజ్‌కు లేపడం వరకు చాలు. వారాల తరబడి అసలు నిద్రే పట్టకుండా, ఎవరితోనూ కలవకుండా ఉండే పిల్లల సంగతి వేరు. వాళ్లను డాక్టర్‌కు చూపించాలి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు తెలుగులోనే మాట్లాడవచ్చు.

చబుత్రా డ్రైవ్‌లు మళ్లీ జరుగుతాయి. కౌన్సెలింగ్‌లో పిల్లలకు చెప్పాల్సిందంతా చెబుతారు. కానీ కొడుకును తీసుకెళ్లడానికి రాత్రి ఒంటిగంటకు స్టేషన్‌కు వచ్చిన తండ్రుల్లో ఒకరిద్దరైనా అప్పుడే షట్టర్ దించి నేరుగా వచ్చినవాళ్లు ఉంటారు. వాళ్ల భోజనం ఇంకా కాలేదు. ఇంట్లో వాళ్ల కోసం ఇంకో పిల్ల మేలుకునే ఉంది.