రెండు బర్రెలున్న ఇంటికే ముందు
పశువైద్యుడిగా నేను ఎక్కువగా విన్న మాట: "సారూ, మా బర్రె ఎదకు రావట్లేదు." చాలాసార్లు వచ్చే ఉంటుంది. ఎండాకాలంలో ముర్రా జాతి బర్రె ఎదకొచ్చినా అరవదు, తీగలు కూడా సరిగా వేయదు. మూగ ఎద తరచూ రాత్రిపూటే వచ్చి పోతుంది. అది తప్పితే దాదాపు 21 రోజుల మేత దండగ. బర్రె మెడకు కట్టే పట్టీలోని సెన్సర్ అయితే కదలికనూ నెమరునూ రాత్రంతా గమనించి ఎదను పసిగడుతుంది. కొలతల మధ్య నిద్రపోతూ, లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ రేడియోలో కొద్దిపాటి సమాచారమే పంపుతుంది కాబట్టి బ్యాటరీ ఏళ్ల తరబడి నడుస్తుంది. ఈ పట్టీలు పెద్ద డెయిరీలకే ఎందుకు పరిమితం కావాలి? ఒక్క ఈత ఆలస్యమైతే అప్పు చేసేది చిన్న రైతే. పట్టీల సమాచారం అందుకునే రిసీవర్‌ను ఊరి పాలకేంద్రం పైకప్పు మీద పెట్టండి, పట్టీలకు రాయితీ ఇవ్వండి. ఎద వచ్చిందన్న హెచ్చరిక మాత్రం తెలుగులో ఫోన్‌కాల్‌గా రావాలి, పాలు పితికే అక్కకూ, కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకూ ఒకేసారి.