రెండిళ్ళ మాటా వినాలి

"అక్కా, నువ్వయినా చెప్పు దానికి. నీ మాటయితే వింటుంది" అంటూ నిరుడు అమెరికా నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. దాని కూతురు చదివే యూనివర్సిటీ వాళ్ళు వేసవి సెలవుల్లో మూడు వారాలు గ్రీసు, టర్కీ తీసుకెళ్ళి, అక్కడి చరిత్ర అక్కడే పాఠం చెబుతారట. పిల్ల చదివేది కంప్యూటర్లు. "పాత రాళ్ళు చూడ్డానికి అంత డబ్బా?" అని చెల్లెలి బాధ.

నిజం చెప్పొద్దూ, నేనూ చెల్లెలి వైపే మాట్లాడాను. "అదంతా పుస్తకాల్లో ఉంటుంది కదే" అన్నాను పిల్లతో. ఫోన్ పెట్టేశాక, ఈ మాట ఎక్కడో విన్నానే అనిపించింది. నేను బి.ఏ. తెలుగు చదివే రోజుల్లో క్లాసంతా హంపీ వెళ్తుంటే, "పుస్తకంలో బొమ్మలున్నాయిగా" అని మా నాన్నగారు నన్ను పంపలేదు. పెద్దన గారి మీద జవాబు బట్టీ పట్టి రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. హంపీలో కాలు పెట్టేసరికి మాత్రం నాకు నలభై దాటాయి.

పిల్ల మా ఇద్దరి మాటా వినలేదు. తను దాచుకున్న డబ్బు కొంత వేసుకుని వెళ్ళింది. వెళ్ళి మంచి పని చేసిందని ఇప్పుడంటున్నాను.

ఏథెన్స్‌లో నేయా స్మిర్నీ అని ఒక పేట ఉంది. అంటే కొత్త స్మిర్నా. మరి పాత స్మిర్నా ఎక్కడ? సముద్రానికి అవతల, టర్కీలో. ఇప్పుడు దాని పేరు ఇజ్మీర్. 1919 మే నెలలో గ్రీకు సైన్యం ఆ ఊళ్ళో దిగింది. 1922 సెప్టెంబరు 9న టర్కీ సైన్యం తిరిగి పట్టుకుంది. నాలుగు రోజులకే ఊరు అంటుకుంది. గ్రీకుల పేటలు, ఆర్మేనియన్ల పేటలు బూడిదయ్యాయి. నిప్పు పెట్టిందెవరన్నది ఇప్పటికీ తెగని తగువే. గ్రీకులు ఆ ఏడాదిని మహా విపత్తు అంటారు. టర్కీ వాళ్ళకు అది స్వాతంత్ర్య యుద్ధం గెలిచిన ఏడాది. సెప్టెంబరు 9 ఇజ్మీర్‌లో పండుగ రోజు.

"పెద్దమ్మా, మొదటి వారం గ్రీసులో విన్నప్పుడు టర్కీ వాళ్ళ మీద కోపం వచ్చింది. తర్వాత టర్కీలో విన్నాక నా కోపం మీద నాకే సిగ్గేసింది" అంది పిల్ల.

1923 జనవరిలో లొజాన్‌లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. జనాన్ని మార్చుకున్నాయి! టర్కీ నేల మీది క్రైస్తవులు సుమారు 12 లక్షల మంది గ్రీసు చేరారు. వాళ్ళలో చాలామంది అప్పటికే పారిపోయి వచ్చినవాళ్ళు. గ్రీసులోని ముస్లింలు మూడున్నర లక్షల మందికి పైగా టర్కీ చేరారు. లెక్క చూసింది మతం ఒక్కటే, భాష కాదు. టర్కిష్ తప్ప మరొకటి రాని క్రైస్తవులు గ్రీసుకూ, గ్రీకు మాట్లాడే క్రీట్ ద్వీపపు ముస్లింలు టర్కీకీ వెళ్ళాల్సొచ్చింది. సొంత దేశం అన్నారు. తీరా వెళ్తే పక్కింటావిడను ఉప్పు అడగడానికి కూడా మాట రాదు.

టర్కీలో ఫెతియే దగ్గర కాయాకోయ్ అనే ఊరు ఆ రోజుల్లో ఖాళీ అయిందే. కొండవాలు నిండా కప్పులు లేని రాతి ఇళ్ళు. పిల్ల అక్కడి నుంచి ఒక ఫొటో పంపింది. గోడలో మసిబారిన పొయ్యి. ఆ ఫొటో చాలాసేపు చూశాను. ఒప్పందాలు మగవాళ్ళు రాసుకున్నారు, పొయ్యి ఆర్పి బయల్దేరింది ఆడవాళ్ళు కదా అనిపించింది.

మన ఇళ్ళలో తోడికోడళ్ళ తగువు వస్తే ఏం చేస్తాం? ఒక్కరి మాట విని తీర్పు చెప్పేస్తే పాపం కదూ? దేశాల తగువుకూ అదే న్యాయం. రెండు వైపుల మాటా పుస్తకాల్లో దొరకదని కాదు. కానీ మనకు అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని చెప్పిన మనిషి మాటను అంత తేలిగ్గా కొట్టిపారేయలేం.

డబ్బు సంగతి నేను కొట్టిపారేయను. అప్పు చేసి పంపమనీ అనను. ముందుగా ఏమీ చదవకుండా వెళ్తే మిగిలేవి సెల్ఫీలే. ఒక్క దేశమే చూసొస్తే ఆ కోపమే మూటగట్టుకుని వస్తారు. రెండూ చూపించే చదువయితేనే ఆ ఖర్చుకు విలువ.

వచ్చాక పిల్ల వాళ్ళమ్మకు ఒక వంకాయ కూర చేసి పెట్టింది. ఉల్లి, టమాటా కూరిన వంకాయ, ఇంచుమించు మన గుత్తివంకాయలాగే. టర్కీలో దాని పేరు 'ఇమామ్ బయిల్దీ', అంటే ఇమాము గారు మూర్ఛపోయారని. గ్రీకులూ అదే టర్కీ పేరుతో వండుకుంటారట! 1999 ఆగస్టులో టర్కీలో భూకంపం వస్తే గ్రీకు సహాయ బృందాలు పరుగెత్తాయి. మరుసటి నెల ఏథెన్స్‌లో వస్తే టర్కీ వాళ్ళు వచ్చారు. ఇవేవీ నా డిగ్రీలో నాకెవరూ చెప్పలేదు.

చెల్లెలికి ఫోన్ చేసి, నేను చెప్పింది తప్పని ఒప్పుకున్నాను. మీ ఇంట్లో పిల్ల ఇలా అడిగితే ఖర్చు లెక్క వేసుకోండి, తోడెవరో కనుక్కోండి. "పుస్తకంలో ఉంది కదా" అని మాత్రం అనకండి.