పుట్టింట దాసి వేషం... పరాయింట నాయిక వేషం!

పొట్ట చేతబట్టుకుని పరాయి దేశం వెళ్ళినవాళ్ళ కథలు మనకి కొత్త కాదు. కానీ హాలీవుడ్ ఉన్న ఊళ్ళోనే పుట్టి, మంచి వేషం కోసం సముద్రం దాటిపోయిన తార సంగతి విన్నారా? ఆవిడే అన్నా మే వాంగ్.

1905లో లాస్ ఏంజెలిస్‌లో పుట్టింది. చైనా జాతి కుటుంబం. తండ్రికి లాండ్రీ. అమ్మాయికేమో సినిమా పిచ్చి! 1922లో, పదిహేడేళ్ళకే, 'ది టోల్ ఆఫ్ ది సీ' అనే రంగుల మూకీలో నాయికయింది. చివర్లో ఆ నాయిక సముద్రంలో కలిసిపోతుంది లెండి. 1924లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో కనబడి అందరి దృష్టిలోనూ పడింది. ఏ వేషంలో అనుకున్నారు? బానిసపిల్ల!

ఆ తరువాతైనా పైకి రావాలి కదా? రానిస్తేగా! చైనా జాతివాళ్ళకీ తెల్లవాళ్ళకీ పెళ్ళి కాలిఫోర్నియా చట్టం ప్రకారం 1948 దాకా చెల్లేది కాదు. బయట చెల్లని జోడీని తెరమీద చూపించడానికి నిర్మాతలకి గుండె చాలలేదు. హీరో పక్కన నిలబడలేని నటికి మిగిలేవి దాసి వేషాలూ, వగలాడి వేషాలూను.

విసుగెత్తి 1928లో బెర్లిన్ వెళ్ళిపోయింది. పుట్టింది అమెరికాలోనే అయినా, వెళ్ళి మళ్ళీ తిరిగి రావాలంటే ముందుగా అధికారులకి అర్జీ పెట్టుకోవాల్సిందే. చైనా మొహం కదా మరి!

జర్మనీలో ఐఖ్‌బెర్గ్ 'సాంగ్' చిత్రంలో నాయికని చేశాడు. ఇంగ్లండులో తీసి 1929లో విడుదల చేసిన 'పికడిల్లీ' చూశాను. హోటల్లో ఓ పెద్దమనిషి ప్లేటు మురికిగా ఉందని గొడవ చేస్తాడు. సంగతేమిటని యజమాని అంట్లగదికి వెళితే, అక్కడ ఈవిడ బల్లెక్కి డాన్సు చేస్తూ ఉంటుంది. అంతే, పై వరుసలో పేరున్న గిల్డా గ్రే నా కళ్ళకి ఆనలేదు! ఆ ఏడే లారెన్స్ ఒలివియర్‌తో కలిసి రంగస్థలమూ ఎక్కింది. విమర్శకులు యాస అమెరికా యాసలా ఉందని మూతి విరిచారు. చూశారూ చోద్యం! అమెరికాలో చైనా మనిషి, ఇంగ్లండులో అమెరికా మనిషి! ఆవిడ మాత్రం తగ్గలేదు. జర్మన్ నేర్చుకుని, 1930లో ఒకే కథని ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచి మూడు టాకీల్లోనూ నటించింది.

పేరొచ్చాక ఇంటికొచ్చింది. అప్పుడైనా గుర్తించారా? 'ది గుడ్ ఎర్త్' తీసే రోజుల్లో, అందులోని చైనా రైతు భార్య ఓలాన్ వేషం మీద ఎంతో ఆశ పెట్టుకుంది. హీరోగా తెల్లనటుడు పాల్ మ్యూనీని తీసుకున్నారు. ఇంకేముంది, హీరోయిన్ కూడా తెల్లావిడే! యూరప్ నుంచి కొత్తగా వచ్చిన లూయిస్ రైనర్ చైనా మేకప్ వేసుకుని ఆ వేషం కట్టి, ఆస్కార్ కూడా పట్టుకెళ్ళింది. వాంగ్‌కి మిగిలింది ఆ కాపురంలో చిచ్చుపెట్టే లోటస్ వేషం. అక్కర్లేదంది.

రైనర్ నటనకి నేను వంక పెట్టను. ఆవిడా దేశం విడిచి వచ్చిన కళాకారిణే. నా బాధల్లా ఒకటే: పైనుంచి వచ్చినావిడ చైనా మనిషి కావచ్చుట, అక్కడే పుట్టినావిడ మాత్రం కాకూడదుట!

వాంగ్ 1961లో కన్నుమూసింది. 2022లో అమెరికా ప్రభుత్వం ఆవిడ బొమ్మతో పావు డాలరు నాణెం వేసింది. సంతోషమే. అయితే ఆవిడ అడిగింది నాణెం మీద బొమ్మ కాదండీ, ఒక్క మంచి వేషం!