చూడ్డానికి ఊరా, ఉండడానికి ఊరా?

పాత ఇళ్ళు కాపాడుకోవాలని అందరూ అంటారు. నేనూ అంటాను. కానీ ఆ ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగించేదెవరు, గోడలు అవే ఉంచి లోపల బతికేదెలా అన్న మాట మాత్రం ఈ చర్చల్లో ఎక్కడా వినపడదు. ఇల్లు కాపాడ్డం అంటే గోడా కప్పూ కాపాడ్డమే అనుకునేవాళ్ళు ఇల్లు నడిపినవాళ్ళు అయ్యుండరని నా అనుమానం.

స్విట్జర్లాండ్ అంటే మనకు తెలుగు సినిమా పాటలే గుర్తొస్తాయి. పచ్చని కొండ, తెల్లని చర్చి, నల్లబడిన చెక్క ఇళ్ళు, కిటికీల్లో ఎర్రపూల కుండీలు. మా చెల్లెలు జ్యూరిక్‌లో ఉంటుంది కాబట్టి అలాంటి ఊళ్ళు నేను నాలుగైదు చూశాను. కొన్ని ఎంత అందంగా ఉన్నాయంటే, సంక్రాంతి బొమ్మల కొలువులో కింద మెట్టు మీద పేర్చే పల్లెటూరిలా ఉన్నాయి. ఎక్కడి బొమ్మ అక్కడే, దుమ్ము కూడా లేదు. మధ్యాహ్నం పన్నెండింటికి ఒక్క ఇంట్లోంచీ పోపు వాసన, సరే పోపు కాదు, ఉల్లిపాయ వేగిన వాసనైనా రాలేదు.

వాటిలో వ్రిన్ మాత్రం వేరు. నేను రాయాలనుకున్నది దాని గురించే.

వ్రిన్ గ్రౌబుండెన్ రాష్ట్రంలో, లుమ్నేజియా అనే లోయలో బాగా పైకి ఉంటుంది. దాదాపు 1,450 మీటర్ల ఎత్తు. ఇలాంజ్ దాకా రైలు, అక్కడి నుంచి పసుపుపచ్చ పోస్ట్ బస్సు. జనం మూడు వందల లోపే. మాట్లాడేది రొమాన్ష్, దేశం మొత్తంలో లక్షమంది కూడా మాట్లాడని భాష. ఊరి నడుమ 17వ శతాబ్దం చివర్లో కట్టిన చర్చి. చుట్టూ ఇళ్ళు, కొట్టాలు, అన్నీ స్ప్రూస్ కలపవి. ఎండ తగిలే వైపు కాల్చిన కాఫీ గింజ రంగు, ఎండ తగలని వైపు బూడిద రంగు.

ఆ ఇళ్ళు కట్టే పద్ధతి మన ఆడవాళ్ళకు చెబితే ఇట్టే అర్థమవుతుంది. చెక్కిన దుంగలు అడ్డంగా ఒకదానిమీద ఒకటి పేరుస్తారు. మూలల దగ్గర గాళ్ళు కొట్టి ఒకదాన్నొకటి పట్టుకునేలా బిగిస్తారు. జర్మన్‌లో ఈ కట్టడానికి ‘ష్ట్రిక్‌బావు’ అని పేరు. ‘ష్ట్రిక్కెన్’ అంటే ఉన్నితో అల్లడం. అంటే అల్లిన ఇల్లు! ఒక్క దుంగ తీస్తే వరసంతా వదులవుతుంది.

చూడముచ్చటగానే ఉంటాయి. కానీ లోపల కాపురం చేసేదాని కళ్ళతో చూడండి. పైకప్పు చేతికందుతుంది. కిటికీలు చిన్నవి, లేకపోతే వెచ్చదనం నిలవదు. పాతరోజుల్లో ఇల్లంతటికీ వెచ్చగా ఉండే గది ఒక్కటే. చలికాలం నెలల తరబడి పెద్దాచిన్నా ఆ గదిలోనే. ఆ గదిని రొమాన్ష్‌లో ‘స్తీవా’ అంటారు. పిల్లలు చదువుకున్నదీ, అమ్మ కుట్టుపని చేసుకున్నదీ, చుట్టాలు కూర్చున్నదీ, ఇంట్లో ఎవరైనా పోతే ఆ మనిషిని పడుకోబెట్టిందీ అక్కడే. ఈ చివరి సంగతి దగ్గరకు మళ్ళీ వస్తాను.

ఇలాంటి ఊళ్ళకు వచ్చే పెద్ద జబ్బుకు స్విస్‌వాళ్ళు పెట్టుకున్న పేరు ‘చల్లని పడకలు’. నగరంవాళ్ళు సెలవుల కోసం ఇల్లు కొనుక్కుంటారు, ఏడాదిలో రెండు మూడు వారాలు వస్తారు, మిగతా రోజులు పడక చల్లగా, పొయ్యి చల్లగా. ఊళ్ళో పెళ్ళి చేసుకున్న కుర్రజంట ఆ ధర పెట్టలేక కిందికి దిగిపోతుంది. 2012 మార్చి 11న దేశమంతా దీనిమీద ఓటు వేసింది. సెలవు ఇళ్ళు 20 శాతం దాటిన చోట కొత్తవి కట్టకూడదని 50.6 శాతం మంది ఔనన్నారు. గ్రౌబుండెన్‌లో మాత్రం ఎక్కువమంది వద్దన్నారు, మా బతుకుతెరువు ఆ కట్టుబడి పనుల్లోనే ఉందని. వాళ్ళనీ తప్పు పట్టలేం. అసలు తమాషా ఏమిటంటే, 2012కి ముందే ఉన్న ఇంటిని సెలవు ఇల్లు చేసుకోవడానికి ఆ చట్టం అడ్డు చెప్పదు. అంటే ఎక్కువగా కాపాడవలసిన ఆ పాత రైతు ఇళ్ళకే తలుపు తెరిచి ఉంది. గోడ మీద చెయ్యి వేస్తే అడిగేవాళ్ళుంటారు, పడక చల్లబడితే అడిగేవాళ్ళుండరు.

వ్రిన్‌వాళ్ళు ఈ ఓటుకు ముప్పయ్యేళ్ళ ముందే మేలుకున్నారు. పంచుకుంటూ పంచుకుంటూ పొలాలు ముక్కచెక్కలైపోయాయి. మనకు కొత్తేం కాదుగా, అన్నదమ్ముల పంపకాల్లో గట్లే మిగిలిన చేలు మన ఊళ్ళలో లేవా? ఆ ముక్కలన్నీ కలిపి మళ్ళీ సాగుకు పనికొచ్చేలా సర్దుకున్నారు. ఇళ్ళ స్థలాలు బయటివాళ్ళ బేరాల్లోకి పోకుండా పంచాయతీయే కొని పెట్టుకుంది. ఊరివాడే అయిన జియాన్ కామినాడా వడ్రంగం నేర్చి, ఆ తరవాత ఆర్కిటెక్ట్ అయి, జ్యూరిక్‌లో ప్రొఫెసర్ కూడా అయినవాడు. ఊరికి ఏం కావాలో అది కట్టిపెట్టాడు. ఏం కావాల్సి వచ్చిందంటారు? మ్యూజియం కాదు. పెద్ద పశువుల కొట్టాలు కావాల్సి వచ్చాయి. ఇళ్ళ మధ్య పాత కొట్టాలు ఇప్పటి పాడికి చాలవు. వాటిని ఊరి కింది అంచున, అదే కలపతో, ఊరికి ఎబ్బెట్టు కాకుండా కట్టారు. పక్కనే మాంసం కోసి ఎండబెట్టుకునే కొట్టు. పాలూ మాంసమూ ఊళ్ళోనే సరుకైతే డబ్బు ఊళ్ళోనే నిలుస్తుందని. బస్సు దిగే చోట టెలిఫోన్ గది కూడా దుంగలు అల్లి కట్టిందే!

స్విస్ వారసత్వ సంఘం ఏటా ఒక ఊరికి వాకర్ బహుమతి ఇస్తుంది. 1975లో గువార్దాకు ఇచ్చారు, గోడల మీద గీసిన నగిషీలున్న ఇళ్ళ కోసం ఇప్పటికీ జనం వెళ్ళే ఊరది. 1998లో వ్రిన్‌కు ఇచ్చారు. పాత ఇళ్ళతో పాటు కొత్త కొట్టాలనూ లెక్కలోకి తీసుకుని ఇచ్చారు చూడండి, అక్కడ నాకు ముచ్చటేసింది. పేడ వాసన వచ్చే ఊరికి అందాల బహుమతి.

ఇప్పుడు స్తీవా సంగతి. ఇంట్లో మనిషి పోతే ముందుగదిలోనే ఉంచి, ఊరంతా వచ్చి జపమాల చదవడం అక్కడి ఆచారం. కాలం మారింది. కొత్త ఇళ్ళల్లో ఆ చోటు లేదు, పాత ఇళ్ళల్లో ఆ ఓపిక లేదు. అలాంటప్పుడు మనిషిని పట్నం ఆసుపత్రి నుంచి నేరుగా గోతికి తీసుకుపోవడమేనా? కామినాడా ఊరివాళ్ళతో చాలా కాలం మాట్లాడి, 2002లో సమాధుల తోట అంచున చిన్న ఇల్లు కట్టాడు. పేరు ‘స్తీవా దా మోర్ట్స్’, పోయినవాళ్ళ ముందుగది. మిగతా ఇళ్ళలాగే అల్లిన చెక్క, కానీ చర్చిలాగా తెల్లరంగు. అటు గుడికీ కాదు ఇటు ఇంటికీ కాదు, నడుమ. కింద పోయిన మనిషి, పైన బతికున్నవాళ్ళు కూర్చుని కాఫీ తాగే చోటు. ఏడ్చి ఏడ్చి నీరసపడ్డవాళ్ళకు ఎవరో ఒకరు కాఫీ కలిపి ఇవ్వాలి కదా. ఆ చోటు గీసినవాడు ఎవరైనా, దాన్ని అడిగింది ఆడవాళ్ళే అయ్యుంటారని నా ఊహ.

మన అపార్ట్‌మెంట్లలో మనిషి పోతే లిఫ్టులో ఎలా దించాలా అని మొదటి దిగులు. సెల్లార్‌లో కార్లు జరిపి, కుర్చీలేసి, పైన మూడో అంతస్తువాళ్ళు ఫ్లాస్కులో కాఫీ పంపితే అదే పదివేలు. మండువా ఇళ్ళ ఫొటోలు వాట్సాప్‌లో పంపుకుని అబ్బా అనుకుంటాం. ఆ మండువాలో పురుడూ, పెళ్ళీ, చావూ అన్నీ ఇమిడేవి. మండువా పోయింది, సరే. అందులో జరిగినవాటికి చోటు ఎక్కడ అని మన బిల్డర్లను ఎవరం అడగలేదు. ఫ్లాటు కొనేటప్పుడు జిమ్ ఉందా అని అడుగుతాం.

వ్రిన్ గెలిచేసిందని చెప్పను. జనం తగ్గుతూనే ఉన్నారు. 2013లో చుట్టుపక్కల ఊళ్ళతో కలిపి లుమ్నేజియా అనే ఒకే పంచాయతీ చేసేశారు. పిల్లలు చదువులకు కిందికి వెళ్తే అందరూ తిరిగి రారు, ఎక్కడైనా అంతే. వారసత్వ శాఖలవాళ్ళు బయటి కిటికీ చెక్కదే ఉండాలంటే నాకు అభ్యంతరం లేదు, తెల్ల ప్లాస్టిక్ కిటికీ ఆ గోడకు నిజంగానే కంట్లో నలుసు. కానీ వంటింట్లోకి వెలుతురు రానివ్వాలి, స్నానాలగది వెచ్చగా ఉండనివ్వాలి, ముసలమ్మ మోకాళ్ళకు తగ్గట్టు మెట్లు మార్చుకోనివ్వాలి. ఇవి ఒప్పుకోని చోట కోడళ్ళు నిలవరు. కోడలు నిలవని ఇంటిని కొనడానికి నగరంలో మనిషి సిద్ధంగానే ఉంటాడు, అచ్చంగా ఆ పాత కిటికీ కోసమే.

నేను వెళ్ళినరోజు కొట్టాల దగ్గర ఒకావిడ పాలక్యాన్లు కడుగుతోంది. ఫొటో తీస్తానని సైగ చేస్తే చెయ్యి ఊపింది, వద్దని. తడి చేతులు గౌనుకు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది, పనుందన్నట్టు.