సంకీర్ణానికి సభ్యుల ఓటు: జర్మనీ లెక్క ఏం చెబుతోంది?

మన దగ్గర ఏ కూటమిలో చేరాలన్నది అధినేత ఇంట్లోనే తేలిపోతుంది. కార్యకర్తకు టీవీ చూస్తేనే తెలుస్తుంది. జర్మనీలో ఎస్‌పీడీ మాత్రం 2013 నుంచి క్రిస్టియన్ డెమొక్రాట్లతో కలిసి సర్కారులో చేరే ప్రతిసారీ ఒప్పందాన్ని పార్టీ సభ్యుల ఓటుకే పెడుతోంది.

2018లో 66 శాతం ‘సరే’ అన్నారు. 2025 ఏప్రిల్‌లో జరిగిన ఆన్‌లైన్ ఓటింగ్‌లో 84.6 శాతం. చూడ్డానికి భారీ మద్దతే. కానీ 2018లో 78 శాతం మంది ఓటేస్తే, ఈసారి వేసింది 56 శాతమే. దాదాపు 3.58 లక్షల సభ్యుల్లో ‘సరే’ అన్నది సుమారు 1.70 లక్షల మంది. అంటే సగం కూడా లేరు.

ఇంకో చిక్కుంది. ఒప్పందం మొత్తానికీ కలిపి ఒకటే ఓటు. పెన్షన్ హామీ నచ్చి, మూడేళ్లకే పౌరసత్వమిచ్చే వెసులుబాటు రద్దు నచ్చకపోయినా విడదీసి చెప్పే వీల్లేదు. అక్కడ స్థిరపడాలనుకునే తెలుగువాళ్లకూ ఆ రద్దు తగిలేదే.

లోపాలున్నా, ‘వద్దు’ అనే హక్కు కార్యకర్త చేతిలో ఉంటే, పొత్తు బేరమాడే నాయకులకు ఆ భయం ఉంటుంది. మన పార్టీల్లో లేనిది అదే.