కొల్లేటి దారిలో ఒక మధ్యాహ్నం

ఆకివీడులో జుహర్ నమాజు ముగించుకొని కైకలూరు దారి పట్టాము. ఉప్పుటేరు వద్ద కారు ఆపి, కొల్లేటి నీరు సముద్రాన్ని చేరేది దీని గుండానే అని పిల్లలకు చూపాము. ఆపై ఎటుచూసినా చేపల చెరువుల గట్లే.

“సరస్సేది అబ్బా?” అని మా చిన్నమ్మాయి అడిగింది.

1999లో అభయారణ్యమైన కొల్లేటిలో 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు తెంపించింది. అవి మళ్లీ లేచాయి. చేపల మీద బ్రతికే కుటుంబాలను మాత్రం ఏమనగలము?

ఆటపాకలో ఇనుప స్టాండ్లపై గూడబాతులు గూళ్లు కట్టుకొన్నాయి. చెట్లు చాలక మనుషులు నిలిపినవవి. తల్లి గొంతుసంచిలో తల దూర్చి పిల్ల చేపను అందుకొంటున్నది. అసర్ వేళయినదన్నా మా పిల్లలు కదలలేదు.